కబూతర్‌ఖానాలో గుడ్లున్నన్ని దినాలు

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను కలిసినప్పుడు ముందు సున్నం గురించే అడుగుతారు. డంగు సున్నంలో ఇసుక ఎంత కలపాలి, బెల్లం నీళ్ళు ఎప్పుడు పోయాలి, కరక్కాయ ఎంతసేపు నానాలి. అడగవలసిన ప్రశ్నలే. జవాబులు శాఖ పుస్తకాల్లో ఉన్నాయి. అనుభవమున్న మేస్త్రీని అడిగితే ఇంకా బాగా చెబుతాడు. పాత కట్టడాల మరమ్మతు విభాగంలో ఓవర్సీయరుగా పనిచేసి రిటైరైన నేను ఆ పాళ్ళు ఇక్కడ మళ్ళీ రాయను. నాకు ఏ ఏడాది ఏ ప్రమోషన్ వచ్చిందో కూడా రాయను.

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి డైరీ రాసే అలవాటు నాకుంది. ఇప్పుడు తీరికగా వాటిని తిరగేస్తుంటే ఎక్కువ పేజీల్లో కొలతలే కనిపిస్తున్నాయి. గోడ మందం, పగులు వెడల్పు, కమాను ఎత్తు. ఏ కట్టడం దగ్గరికి వెళ్ళినా టేపుకు అందినవన్నీ కొలిచాం. అందనివి వదిలేశాం. ఆ వదిలేసిన వాటిలో ఒకదాని గురించి రాస్తాను. నాచారం దగ్గర ఒక పావురాల బురుజు ఉండేది, అక్కడివాళ్ళు కబూతర్‌ఖానా అనేవాళ్ళు. ఇప్పుడు లేదు. మేము దాన్ని కాపాడడానికి వెళ్ళాం కాబట్టే లేదు.

మూర్తి గారి గోడ

పాత కట్టడాల పని అంటే కోటలు, సమాధులు అనుకొని వస్తారు. పెద్ద కట్టడాలను చూసుకోవడానికి పెద్ద ఆఫీసులు వేరే ఉన్నాయి. మా విభాగానికి వచ్చేవి ఎవరూ పట్టించుకోనివి. మెట్లబావి, తోట బంగ్లా, గుర్రాలకు నీళ్ళు పెట్టిన రాతి తొట్టి, పావురాల గూళ్ళు. మల్కాజిగిరి నుంచి ఉప్పల్ దాకా నా వంతు. స్కూటర్ మీద తిరిగేవాణ్ణి. పనిలో సగం నిచ్చెనలు ఎక్కడం, మిగతా సగం దుర్వాసన భరించడం. ముక్కుకు గుడ్డ కట్టుకోకుండా రెట్ట ఉన్న గదిలోకి పోకండి. ఇప్పటికీ చలికాలం వస్తే నా దగ్గు ఆగదు.

నా పై అధికారుల్లో నేను ఎక్కువ నేర్చుకున్నది మూర్తి గారి దగ్గర. తెనాలి వైపు నుంచి వచ్చిన ఇంజినీరు. కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ. నేను ఆయన కింద చేరిన కొత్తలో మల్కాజిగిరి వైపు ఒక తోట బంగ్లాకు తీసుకెళ్ళారు. దాని వెనక గోడలో వరుసగా పావురాల గూళ్ళు ఉన్నాయి. మాకంటే ముందు ఎవరో కాంట్రాక్టరు పావురాలను అట్లాగే ఉంచి, అక్కడక్కడ సిమెంటుతో మెత్తాడు. రెట్టలోని ఉప్పు తడిని లాగింది, ఆ తడి బయటికి పోయే దారి లేక గోడ ఉబ్బింది. మూర్తి గారు నా చెయ్యి పట్టుకొని గోడకు ఆనించారు.

"తడి తగులుతోందా?"

"తగుల్తుంది సార్."

"గోడకి ఊపిరాడాలండీ. అతుకులేస్తే ఊపిరాడదు. ఇది వచ్చే వర్షాలకి ఉండదు."

ఉండలేదు. అప్పటినుంచి పావురాల గూళ్ళ విషయంలో ఆయనకు రెండు నియమాలు. మొదట పక్షులను పూర్తిగా పంపించి రెట్టనంతా కడగాలి. ఆ తర్వాత గచ్చు పని చుట్టూ ఒకే దఫాలో, అతుకు లేకుండా చెయ్యాలి. ఆ నియమాలు తప్పని నేను ఈ రోజుకూ అనను. ఇంకెక్కడైనా అవే పాటించమంటాను.

రాజన్న, జంగయ్య

ఉప్పల్‌లో స్టేడియం కట్టడం అయిపోయి, ఆ చుట్టుపక్కల గజం ధర నెలనెలా మారుతున్న రోజులు. రాజన్న అనే ఆయన మా ఆఫీసుకు తనంతట తానే వచ్చాడు. నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి మానేసిన మనిషి. చేతిలో ఒక ఫోటో.

"సార్, మా కబూతర్‌ఖానాకు పగులు వచ్చింది. పోయిన వానకాలం ఏలు పట్టకుండె. ఇప్పుడు చెయ్యి పడ్తుంది. జర వచ్చి సూడుండ్రి."

"ఎన్నేళ్ళదండీ?" అన్నారు మూర్తి గారు.

"మా తాత కట్టిచ్చిండంటరు. తాతనే అడుగుదమంటె లేకపాయె."

మూర్తి గారు నవ్వి ఫోటో అందుకున్నారు. మా దగ్గరికి మనుషులు రావడం ఎప్పుడూ పాత కట్టడం కూల్చడానికి అనుమతి కోసమే. నిలబెట్టమని వచ్చినవాణ్ణి ఆయన కూడా అప్పుడే చూసి ఉంటారు.

బురుజు నాచారం పారిశ్రామికవాడ వెనుక, ఉప్పల్ వైపు దిగే దారిలో, ఒక మూతపడిన ఫ్యాక్టరీ ప్రహరీ పక్కన ఉండేది. గుండ్రంగా, రెండంతస్తుల ఎత్తు. గోడ కడుతున్నప్పుడే మట్టి ముంతలను పడుకోబెట్టి, మూతులు బయటికి వచ్చేలా వరుసలు వరుసలుగా పొదిగారు. ఒక్కో ముంతలో ఒక్కో జంట. దూరం నుంచి చూస్తే గోడ నిండా నోళ్ళు తెరుచుకున్నట్టు ఉండేది. ఒకప్పుడు చుట్టూ వాళ్ళదే ద్రాక్ష తోట. పావురాల రెట్ట ఆ తోటకు ఎరువు. బోర్లు ఎండిపోయి తోట పోయింది, తోట పోయాక ప్లాట్లు వచ్చాయి. నేను చూసేనాటికి మూడు వైపులా ఇళ్ళు లేచాయి. మధ్యలో మంచి రోడ్డుకు ఆనుకొని ఆ బురుజూ దాని చుట్టూ ఖాళీ జాగా మాత్రం అట్లాగే ఉన్నాయి.

కింది వరుసల్లో ఒకచోట ముంతలు కొంచెం వేరు రకం. మూతి వెడల్పు, మట్టి ఎరుపు ఎక్కువ. అది తర్వాతి కాలపు మరమ్మతు అని మేం వెంటనే గుర్తుపట్టాం. నా డైరీలో కూడా రాసుకున్నాను.

ఆ మరమ్మతు ఎందుకు జరిగిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు మాత్రం ఇప్పుడే చెబుతాను. రాజన్న తండ్రి వయసులో ఉన్నప్పుడు బండి తిరగడానికి దారి చాలడం లేదని బురుజు కింది భాగం కొంత పగలగొట్టించాడు. ముంతల్లో పిల్లలు ఉన్నాయి, నలిగిపోయాయి. ఆ ఏడే ఆయన మొదటి కూతురు జ్వరంతో పోయింది. రెండింటికీ సంబంధం ఉందని ఆయన నమ్మాడు. పగలగొట్టిన చోట కొత్త ముంతలు పెట్టించి, ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టాడు. ముంతల్లో గుడ్డు గాని పిల్ల గాని ఉన్నన్ని దినాలు ఈ గోడకు గడ్డపార ముట్టొద్దు. ఇద్దరు కొడుకులకు పొలం పంచినప్పుడు పెద్దమనుషుల ముందు కూడా అదే మాట చెప్పాడు. బురుజు, దాని జాగా ఇద్దరిదీ. ఖాళీ అయినంక మీ ఇష్టం, ఒకడు తీద్దామంటే ఇంకొకడు అడ్డం పడొద్దు.

పావురాలు ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయి. ఒక ముంతలో పిల్లలు ఎగిరితే ఇంకో ముంతలో గుడ్లుంటాయి. అంటే ఆ బురుజు ఎప్పటికీ ఖాళీ కాదు. ఆ సంగతి తండ్రికి తెలిసే అన్నాడో తెలియక అన్నాడో రాజన్న కూడా చెప్పలేకపోయాడు.

చిన్నవాడు జంగయ్య ఇళ్ళు కట్టించి అమ్మేవాడు. ఆ జాగా మీద ఆయనకు ఎప్పటినుంచో ఆశ. అందుకని ప్రతి ఏడూ దసరా తెల్లారి అన్న ఇంటికి వచ్చేవాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, తర్వాత బురుజుకు నిచ్చెన వేసేవాడు. కింది వరుస నుంచి పై వరుస దాకా ఒక్కో ముంతలోకి తొంగిచూసేవాడు. రాజన్న కింద నిలబడి అడిగేవాడు.

"ఏం తమ్మీ, ఉన్నయా?"

"ఉన్నయే అన్నా."

"ఐతె దిగు. కల్లు గరమైతుంది."

ఇద్దరూ కూర్చొని తాగేవాళ్ళు. మళ్ళీ దసరా దాకా ఆ మాట ఎత్తేవాడు కాదు. పగులు పెరిగి బురుజు తనంతట తాను పడిపోతే అందులోని పిల్లలన్నీ చస్తాయని రాజన్నకు భయం పట్టుకుంది. ఆ భయంతోనే మా దగ్గరికి వచ్చాడు.

సంతకాలు

సొంత ఆస్తి కాబట్టి అన్నదమ్ములిద్దరి సంతకాలు కావాలి. ఇట్లాంటి చోట అన్నదమ్ముల్లో ఒకడు తప్పకుండా అడ్డం తిరుగుతాడు. సంతకం కోసం నేను పదిసార్లు తిరిగిన ఇళ్ళు ఉన్నాయి. జంగయ్య హబ్సిగూడలో ఒక బిల్డింగు సెంట్రింగు పని చూసుకుంటూ ఉన్నాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"రిపేరుకు పిట్టలన్నిటిని ఎల్లగొడ్తరా సార్?"

"ఎల్లగొట్టం. పిల్లలు ఎగిరిపోయినంక ఒక్కొక్క ముంత మూస్తం. మొత్తం ఖాళీ అయితేనే పని మొదలైతది."

"ఒక్క గుడ్డు గూడ ఉండది?"

"ఉండది."

ఆయన పెన్ను తీసుకొని సంతకం చేశాడు. జాలిగుండె గల మనిషి, గుడ్ల గురించి అడుగుతున్నాడు అనుకున్నాను. ఆ రోజు డైరీలో 'తమ్ముడు బాగా సహకరించాడు' అని రాశాను.

మీకు ఒక మాట. అడ్డం తిరగవలసినవాడు తిరగకపోతే సంతోషపడి లేచి రాకండి. ఇంకో చాయ్ అడిగి అక్కడే కూర్చోండి.

ముంతలు మూయడం

మూర్తి గారు పక్షుల విషయంలో చాలా దయగా ఉన్నారు. ఒక్క గుడ్డు కూడా పారేయకూడదని మేస్త్రీకి చెప్పారు. వానలు మొదలైనప్పటి నుంచి, పిల్లలు ఎగిరిపోయిన ముంతనల్లా గోనె గుడ్డ కుక్కి మూసుకుంటూ వచ్చాం. అది రాజన్న చేతులతోనే జరిగింది. మావాళ్ళు నిచ్చెన ఎక్కితే బురుజు మొత్తం గుప్పున లేచేది. రాజన్న ఎక్కితే తల తిప్పి చూసి ఊరుకునేవి.

సగం ముంతలు మూసినాక ఒక రోజు మూర్తి గారి ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సార్, ఈ ఏడు సగం బురుజు జేసి, వచ్చే ఏడు సగం జేస్తే గాదా?"

"అతుకు పడుద్దండీ. మళ్ళీ అక్కడే పగులుద్ది."

"పోనీ మీది వరుస ఒక్కటి ఇడిసిపెట్టుండ్రి. గవి ఆడ ఉంటయి, మీ పని మీరు జేసుకోవచ్చు."

"రాజన్న గారూ, ఆపరేషన్ చేసేటప్పుడు సగం మనిషిని ఇంటికి పంపిస్తామా?"

మేస్త్రీ నవ్వాడు, నేనూ నవ్వాను. రాజన్న కూడా నవ్వాడు. "గట్లనా" అని గోనె గుడ్డలు తీసుకొని మళ్ళీ నిచ్చెన ఎక్కాడు.

ఎందుకు అట్లా అడుగుతున్నావని మాలో ఒక్కరం అడగలేదు. పక్షుల మీద ప్రేమ అనుకున్నాం. ఆయన మా ముందు తమ్ముడి పేరు ఎత్తలేకపోయాడు. తర్వాత నేను అడిగితే చెప్పాడు. "ఇంటి పంచాయితి ఆఫీసోళ్ళ ముంగట ఎట్ల పెట్టాలె సార్? తమ్ముని మీద చాడీ జెప్పినట్టుండది? మీరు మల్ల పిట్టలు వస్తయంటిరి. దసరా లోపల పని అయిపోతదనుకున్న."

పని దసరా లోపల అయ్యేదే. వానలు ఆగలేదు. తడి గోడ మీద సున్నం పట్టదని మూర్తి గారు పండగ దాటేదాకా ఆపారు. పై వరుసలో చివరి పిల్ల ఎగిరిపోయిన రోజు మేస్త్రీ మిఠాయి పంచాడు. బురుజు చుట్టూ వల కట్టాం. గుంతలో సున్నం నానేశాం. పావురాలు ఫ్యాక్టరీ రేకుల మీద వరుసగా కూర్చొని మమ్మల్ని చూస్తుండేవి.

దసరా తెల్లారి

కూలీలు పండక్కి పోయారు. సున్నం గుంత చూసి రావాలని నేను ఒక్కణ్ణే వెళ్ళాను. బురుజుకు నిచ్చెన వేసి ఉంది. వల ఒక పక్కన ఎత్తి పెట్టి, కొత్త చొక్కాలో జంగయ్య ఎక్కుతున్నాడు. కింద రాజన్న నిలబడి ఉన్నాడు. చేతిలో జమ్మి ఆకు.

అన్నదమ్ములు కలిసి పని చూసుకుంటున్నారు అని నాకు సంతోషమేసింది. జంగయ్య ఒక ముంతలోంచి గోనె గుడ్డ లాగి చూసి, మళ్ళీ కుక్కి, పక్క ముంత దగ్గరికి జరిగాడు.

"అన్నీ ఖాళీయే జంగన్నా. నేను ఒక్కొక్కటి సూసిన" అని కింది నుంచి చెప్పాను.

ఆయన ఇంకో గోనె గుడ్డ లాగాడు. ఒక్క ముంత కూడా వదల్లేదు. ఎండ ఎక్కుతోంది. రాజన్న ఆ పూట ఏమీ అడగలేదు. పై వరుస చివరి ముంతలో చూసినాక జంగయ్యే పై నుంచి అన్నాడు.

"అన్నా, లేవు."

రాజన్న జమ్మి ఆకు జేబులో పెట్టుకున్నాడు. అక్కడున్న ఇటికెల మీద కూర్చున్నాడు.

జంగయ్య దిగి వచ్చి నాకు దండం పెట్టాడు. వెటకారం లేదు అందులో. అప్పుడు ఆ కట్టుబాటు మొత్తం ఆయన నోటి నుంచే విన్నాను. "మా నాయన మాట నేను ఎన్నడు తప్పలే సార్. మస్తు మంది ఎక్కిరిచ్చిన్రు నన్ను, పిట్ట గుడ్డుకు భయపడి కోట్ల జాగా ఇడిసిపెట్టినవని. మీరే ఖాళీ జేసి ఇచ్చిన్రు."

"రిపేరు కోసం జేసినం గదా జంగన్నా."

"మా నాయన ఎందుకోసమని అనలే. ఖాళీ అయినంక అన్నడు."

అన్న వైపు తిరిగి, అన్నకు రెండు ఫ్లాట్లు, పిల్లలకు తలా ఒకటి అని చెప్పాడు. రాజన్న తల ఊపాడు. ఎందుకు తల ఊపావని నాకు అరవాలనిపించింది.

డ్రైవరు ఊరి నుంచి వచ్చేదాకా

కూల్చడానికి జంగయ్య మాట్లాడుకున్న జేసీబీ డ్రైవరు పండక్కి జనగామ పోయాడు. వాడు వచ్చేదాకా మాకు గడువు దొరికింది. జంగయ్య ఇంకో మాట కూడా అన్నాడు. "నేను తొందరవడ. ఈ లోపల ఒక్క పిట్ట గుడ్డు పెట్టినా సరె, మల్ల దసరా దాంక ఈ దిక్కు రాను."

నేను ఎస్‌టీడీ బూతుకు పోయి మూర్తి గారికి ఫోన్ చేశాను. ఆ కట్టుబాటు సంగతంతా చెప్పాను. చట్టం వైపు నుంచి మా చేతిలో ఏమీ లేదు. ఆ బురుజు పేరు రక్షిత కట్టడాల ప్రతిపాదనల్లో ఉంది, ఉత్తర్వుల్లో లేదు. ఆయన అయినా పై ఆఫీసులకు తిరిగారు. పండగ సెలవులు.

మేము వల కోసేశాం. రాజన్న, నేను, ఇంటి దగ్గర ఉన్న మేస్త్రీ కలిసి ముంతల్లోని గోనె గుడ్డలన్నీ లాగేశాం. జొన్నలు చల్లాం. పావురాలు రేకుల మీద నుంచి దిగి వచ్చాయి. జొన్నలు తిన్నాయి. కొన్ని ముంతల అంచు మీద వాలి లోపలికి చూశాయి. మేము అంతకుముందే గోడలు మూలికల నీళ్ళతో కడిగించాం, వాటికి తెలిసిన వాసన ఏదీ లోపల లేదు. తిరిగి రేకుల మీదికి పోయాయి. ఒక మగది మాత్రం పుల్ల ఒకటి నోట కరుచుకొచ్చి కింది వరుస ముంతలో పెట్టి పోయింది. రాజన్న రోజంతా ఆ ముంతకు ఎదురుగా కూర్చున్నాడు. అది మళ్ళీ రాలేదు.

ఆదివారం పొద్దున మూర్తి గారు జీపులో వచ్చారు. ఆయన చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా. మూత తీశారు. దూది మధ్య రెండు పావురం గుడ్లు. పాతబస్తీలో పిట్టల అంగట్లో కొన్నారట.

"రాజన్న గారూ, నా సర్వీసులో నేనెప్పుడూ తప్పుడు కొలత రాయలేదు. ఇవాళ ఇవి తీసుకోండి. పై వరుసలో పెట్టండి. ఒక్క ఏడాది దొరికితే నేను ఉత్తర్వు తెస్తాను."

రాజన్న డబ్బా అందుకొని చూశాడు. మేస్త్రీ నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. ఆ నిమిషంలో మా అందరికీ, నాకు కూడా, బురుజు నిలబడ్డట్టే అనిపించింది.

రాజన్న మూత పెట్టి డబ్బా మూర్తి గారికి తిరిగి ఇచ్చాడు.

"వద్దు సార్."

"ఎవరికి తెలుస్తుందండీ?"

"ఎవలికి తెల్వది. గందుకే వద్దు." కొంచెం ఆగి అన్నాడు. "ఆడు మీదికి ఎక్కి సూస్తుండె, నేను కిందనే నిలవడ్తుంటి. ఒక్క ఏడు గూడ నేను ఎక్కి సూడలే. ఏ ఏడన్న ‘లేవు’ అని అబద్ధం జెప్తె నాకు ఎట్ల తెలుస్తుండె? అన్నేండ్లు ‘ఉన్నయే అన్నా’ అనే అన్నడు. ఇప్పుడు నేను కొనుక్కొచ్చిన గుడ్డు పెట్టి ఆణ్ణి ఎట్ల మోసం జేద్దు సార్?"

మూర్తి గారు జీపు ఎక్కారు. వెనక్కి వస్తుంటే ఆ డబ్బా ఆయన ఒళ్ళోనే ఉంది. గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పట్టుకున్నారు.

డ్రైవరు వచ్చిన పొద్దున జంగయ్య కొబ్బరికాయ కొట్టాడు. జేసీబీ స్టార్టు అయినాక ఆపమని చెయ్యి ఎత్తి, మళ్ళీ నిచ్చెన వేయించుకొని పై వరుస దాకా ఎక్కి చూశాడు. మగది పుల్ల పెట్టిన ముంతలో చెయ్యి పెట్టి తడిమాడు. దిగి వచ్చి పక్కకు జరిగాడు. బురుజు పగులు ఉన్న వైపే ఒరిగింది. ముంతలు పగిలిన చప్పుడు చాలాసేపు వినబడింది. రేకుల మీది పావురాలన్నీ లేచి ఆ జాగా చుట్టూ తిరిగాయి, ఎక్కడ దిగాలో తెలియనట్టు. మా సున్నం గుంతలోనే ఉండిపోయింది.

మీరు అడగవలసింది

ఒక పాత కట్టడం దగ్గరికి పోగానే మనం అది ఎట్లా కట్టారు, ఎందుకు పాడవుతోంది అని చూస్తాం. చుట్టూ అన్నీ అమ్ముడుపోయిన చోట అది ఒక్కటే ఇంతకాలం ఎందుకు మిగిలింది అని అడగం. అది అడిగి ఉంటే రాజన్న కాకపోయినా ఆ వాడలో ఎవరో ఒకరు చెప్పి ఉండేవాళ్ళు. ఆ బురుజును నిలబెట్టింది సున్నం కాదు, ఇటుక కాదు. దాన్ని నిలబెట్టినదాన్ని మేము శుభ్రంగా, దయగా, ఒక్కొక్కటిగా ఖాళీ చేయించాం.

మూర్తి గారు ఆ తర్వాత ఎక్కువ కాలం సర్వీసులో లేరు. ఉన్నన్నాళ్ళూ ఆయన నాచారం దారిలో పోలేదు. మల్లాపూర్ మీదుగా చుట్టూ తిరిగి పోదామనేవారు. మేమిద్దరం దీని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడుకొని ఉండవలసింది.

రాష్ట్రం వచ్చిన ఏడాది

రిటైరైన తర్వాత, రాష్ట్రం వచ్చిన ఎండాకాలంలో, ఉప్పల్‌లో మెట్రో పిల్లర్ల కింద రాజన్న కనబడ్డాడు. చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు. బురుజు జాగాలో ఐదంతస్తుల బిల్డింగు. దాదాపు ప్రతి బాల్కనీకీ పావురాలు రాకుండా వల కట్టి ఉంది. రాజన్న బాల్కనీకి మాత్రం లేదు. అక్కడ గోడకు ఆనించి ఒక ఎర్ర ముంత. కూల్చిన రోజు మట్టిలో పగలకుండా దొరికిందట, ఆయన తండ్రి తర్వాత పెట్టించిన వాటిలోది. లోపల గడ్డి వేసి ఉంచాడు.

"వస్తున్నయా?" అని అడిగాను.

"ఒక్కటి రాలే సార్. గిన్నేండ్లాయె. దాని మీద కూసుంటయి గని లోపలికి పోవు." ముంత కొంచెం జరిపి పెట్టాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి నవ్వాడు. "మీదింట్ల మా తమ్ముడు ఉంటడు. ఆని ఏసీ డబ్బా ఎనక గుడ్లు పెట్టినయి."

"ఏం జేసిండు?"

"ఏం జేస్తడు? గాలికి, సప్పుడుకు భయపడ్తయని ఏసీ బందు జేసిండు. ఇంటోళ్ళంత తిడ్తున్నరు. తెలంగాణ వచ్చిన్నాడు పోరగాండ్లు టపాకులు తెచ్చిన్రు, ఆ దిక్కు ఒక్కటి కాల్వనియ్యలే."

ఇద్దరం ముంత వైపు చూశాం. ఇక నవ్వు రాలేదు.

నేను దిగి వస్తుంటే మెట్ల మీద జంగయ్య కూర్చొని ఉన్నాడు. బనియను తడిసి ఒంటికి అంటుకుంది. మడిచిన పేపరుతో విసురుకుంటున్నాడు. నన్ను గుర్తుపట్టి లేవబోయాడు. కూర్చోమన్నాను.

"ఉబ్బ ఎక్కువుంది సార్ ఇంట్ల" అన్నాడు. "ఇంకొన్ని దినాలే. రెక్కలొస్తున్నయి."

ఎదురుచూడడం ఆయనకు కొత్త కాదు. మేము పోకుండా ఉంటే ఇంకా ఎదురుచూస్తూనే ఉండేవాడు.